పోయిన పాఠములకు పరిహారము

పండుగనాడు కళాశాల తలుపులు మూయుట తప్పని మేము చెప్పబోము. సంక్రాంతికి ఇల్లు చేరవలసిన బిడ్డకై వీధి యరుగుమీద కూర్చుండి యెదురుచూచు తలిదండ్రులు మా చదువరులలో పెక్కురు గలరు. ఉగాదికి, రంజానుకు, క్రిస్మసుకు సెలవీయని విద్యాలయము ఈ దేశపు విద్యాలయము గాజాలదు. మేమడుగునది వేరొకటి. సెలవుచే పోయిన పాఠమేమాయెను? దానిని మరల చెప్పినవారెవరు? ఎప్పుడు చెప్పిరి? మన విశ్వవిద్యాలయములలో ఈ ప్రశ్నకు సూటియైన సమాధానము దొరకుట అరుదు.

నిబంధనలకు కొదువ లేదు. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు 2018లో ప్రకటించిన నిబంధనలలో సంవత్సరమునకు కనీసము 180 పనిదినములు, అనగా ఆరు దినముల వారము చొప్పున 30 వారముల బోధన జరిగి తీరవలెనని విధించిరి. తక్కిన కాలములో 12 వారములు ప్రవేశములు, పరీక్షలు మున్నగువానికి. 8 వారములు దీర్ఘమైన సెలవులకు. 2 వారములు పర్వదినములకు. మొత్తము 52 వారములకు సరిపోయినది. కాగితముమీద ఇంతకంటె చక్కని సంసారము లేదు! అయితే రెండు వారములనగా పండ్రెండు దినములు మాత్రమే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు ఏటేట ప్రకటించు సాధారణ సెలవులు ఈ పండ్రెండునకు మించుచున్నవి. వానిలో కొన్ని ఆదివారములందును, కొన్ని వేసవిలోను పడుట నిజమే. కాని అనుకోని సెలవులు వానికి తోడగుచున్నవి. 2024 సెప్టెంబరు మొదటి దినములలో విజయవాడ, ఖమ్మము వరద పాలైనప్పుడు విద్యాలయములు మూతపడెను. ఆ యేడే డిసెంబరు 26వ తేదీన మన్మోహన్ సింగుగారు కీర్తిశేషులు కాగా, మరునాడు తెలంగాణలో విద్యాలయములకు సెలవు ప్రకటింపబడెను. ఇట్టివానిని తప్పించుటకు వీలు లేదు. తప్పింపవలెనని కోరుటయు మర్యాద గాదు.

చిక్కంతయు దినముల లెక్కలో నున్నది. ప్రభుత్వము దినములను లెక్కించును. విద్యార్థి పోగొట్టుకొనునది దినమును గాదు, ఆ దినమున జరుగవలసిన ఫలానా పాఠమును. 2025వ సంవత్సరమునే చూతము. స్వాతంత్ర్య దినము ఆగస్టు 15, శుక్రవారము. మిలాదునబీ సెప్టెంబరు 5, అదియు శుక్రవారమే. (ఉపాధ్యాయ దినోత్సవము కూడ ఆనాడే యగుటచే గురువులకు సన్మానమును విశ్రాంతియు ఒక్కమారే లభించినవి.) రసాయన శాస్త్ర ప్రయోగములు శుక్రవారము మధ్యాహ్నము మాత్రమే జరుగు తరగతి యొకటి యున్నదనుకొందము. సెమిస్టరునకు పదునైదు వారములు. అందు రెండు శుక్రవారములు పోయినవి. దసరా సెలవులలో మరియొకటి పోయెనేని మిగిలినవి పండ్రెండు. అనగా ప్రయోగశాలలో అయిదింట నొకవంతు చదువు గల్లంతైనది. అదే కళాశాలలో మంగళవారపు పాఠములకు ఆగస్టు, సెప్టెంబరు నెలలలో దసరా సెలవులు దక్క వేరు నష్టము లేదు. సంవత్సరాంతమున ఇరువురు అధ్యాపకులును ఒకే సంఖ్యలో పనిదినములు చూపగలరు. మార్కుల పట్టికలో ఇరువురి పాఠములకును ఒకే విలువ. పరీక్షా పత్రమునకు మాత్రము పండుగలతో నిమిత్తము లేదు. అది పాఠ్యప్రణాళిక యంతటినుండి ప్రశ్న లడుగును.

ఈ లోటు నేడెట్లు పూడ్చబడుచున్నది? చాలచోట్ల పూడ్చబడుటయే లేదు. పరీక్షలకు పది దినములు ముందు మిగిలిన రెండు అధ్యాయములను రెండు గంటలలో చదివి వినిపించి, ముగించితిమని వ్రాసికొనుచున్నారు. మరికొన్నిచోట్ల ఆదివారము రమ్మనుచున్నారు. ఈ రెండవ పద్ధతి శ్రద్ధకు గుర్తని తోచును. కాని ఆదివారమున ఎవరు రాగలరు? వసతి గృహములోని వాడు రాగలడు. పట్టణమున నిల్లుగలవాడు రాగలడు. పల్లెనుండి రెండు బస్సులు మారి వచ్చువానికి ఆనాడు బస్సులే తక్కువ. ఆదివారములు దుకాణమునందో, పెండ్లి భోజనముల వడ్డనయందో పనిచేసి నెలకు సరిపడు ఖర్చు సంపాదించుకొను పిల్లలు ప్రతి కళాశాలలోను గలరు. నాట్ల కాలమున ఇంట చేయి సాయము కావలసిన కుటుంబము లెట్టివో మా చదువరులకు మేము చెప్పనక్కరలేదు. ఆపైన నూటికి 75 హాజరు లేనివానిని పరీక్షకు కూర్చుండనీయరు. ఆదివారపు తరగతిని ఆ లెక్కలో కలిపిరేని, ప్రభుత్వ మిచ్చిన సెలవునకు పల్లె విద్యార్థి అపరాధము చెల్లించుకొనవలసి వచ్చును. పాఠము తప్పిపోయినను, దానికి బదులు పెట్టిన తరగతి తప్పిపోయినను, నష్టపడువాడు ఆ యొక్కడే. పట్టణమున డబ్బు గలవాడు ట్యూషను చెప్పించుకొని గట్టెక్కుచున్నాడు.

మరియొక వర్గమును గూర్చి ఎవరును మాటాడుట లేదు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలో అతిథి అధ్యాపకులను గంటల లెక్కన నియమించు పద్ధతి యున్నది. నెలజీతము గల ఆచార్యునకు పండుగ పండుగే. గంటకింత యని కూలి పుచ్చుకొను అధ్యాపకునకు పండుగనాడు పస్తే. పోయిన గంటను మరల చెప్పుమని ఆతనిని కోరి, దానికి రుసుము చెల్లించుట న్యాయము. రుసుము లేకయే చెప్పించుకొనుట అన్యాయము. అసలు చెప్పింపక పోవుట విద్యార్థికిని ఆతనికిని గూడ చేటు.

ఇతర దేశములవారు ఈ చిక్కును మనకంటె ముందే యెరిగిరి. అమెరికాలో 1968లో చేసిన శాసనమొకటి 1971 నుండి అమలునకు వచ్చి, కొన్ని జాతీయ సెలవులను సోమవారములకు మార్చెను. సోమవారపు పాఠములే మాటిమాటికి దెబ్బతినగా, విద్యాలయములు ఉపాయము పన్నినవి. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారు ఫిబ్రవరిలో సోమవారపు సెలవు ముగిసిన మరునాడు, అనగా మంగళవారము, సోమవారపు కాలపట్టిక ప్రకారమే తరగతులు నడుపుచున్నారు. ఆదివారమును ముట్టుకొనకయే, ముందే ప్రకటించి, నష్టమును రెండు దినములకు పంచుటయే దీని కిటుకు. జపానులో 2000 సంవత్సరము నుండి కొన్ని పర్వములను సోమవారమునకు జరుపగా, అచట పెక్కు విశ్వవిద్యాలయములు పదునైదు వారముల లెక్క తప్పకుండుటకై కొన్ని సెలవుదినములందే పాఠములు చెప్పుచున్నవి. చైనాలో దీర్ఘమైన సెలవులకు ముందో వెనుకనో శని, ఆదివారములను పనిదినములుగా మార్చుచున్నారు. ప్రజలు దానిని గూర్చి గొణుగుచునే యున్నారు. ఈ మూటిలో మొదటిదే మనకు అనువైనదని మా యభిప్రాయము.

యంత్రముల ద్వారా పాఠము చెప్పవచ్చును గదా యందురు. 2020లో మహమ్మారి కాలమున ఆ యనుభవము మన కందరకును గలిగినది. ఉపన్యాసమునకు అది కొంతవరకు చెల్లును. ప్రయోగశాలకు చెల్లదు; సంకేతము కొరకు మేడయెక్కవలసిన పల్లెలో ఉపన్యాసమునకును చెల్లదు.

కావున లెక్క మారవలెను. కళాశాల యెన్ని దినములు పనిచేసెనను దానితోపాటు, ప్రతి పాఠ్యాంశమునకు ఎన్ని గంటలు జరిగినవో విభాగాధిపతి నెలనెలకు గోడమీద ప్రకటింపవలెను. సెమిస్టరు ప్రారంభముననే, ఏ మంగళవారము సోమవారపు పట్టికయో, ఏ శనివారము శుక్రవారపు పట్టికయో నిర్ణయమై యుండవలెను. వరద మొదలగు ఊహింపరాని సెలవులకై నాలుగైదు దినములు ఖాళీగా విడువవలెను. విధిలేక ఆదివారము పెట్టిన తరగతికి వచ్చినవానికి హాజరు వేయవచ్చును గాని, రానివానికి లోటు చూపరాదు.

ఇందుకు క్రొత్త శాసనము గాని, ధనము గాని అక్కరలేదు. రాబోవు సంవత్సరపు సెలవుల జాబితాను రెండు ప్రభుత్వములును సాధారణముగా ఆ ముందటి యేటి చివరనే ప్రకటించుచున్నవి. అందులోని వినాయక చవితి, దసరా, దీపావళి జూన్, జూలై నెలలలో మొదలగు సెమిస్టరునకు చెందినవి. అనగా రిజిస్ట్రారుల చేతిలో ఇంచుమించు ఆరు మాసముల వ్యవధి యున్నది. నెలవంకను బట్టి ఒకటి రెండు తేదీలు కదలవచ్చును, తక్కినవి కదలవు. జాబితా చేతికందినంతనే ఏ వారము ఏ పాఠము దెబ్బతినునో గుర్తించి, పరిహార దినములతో గూడిన పట్టికను వేసవి సెలవులకు ముందే విద్యార్థుల కందజేయుడని విశ్వవిద్యాలయాధికారులను కోరుచున్నాము.