ఆ ఫారంలో ‘ఇంటి భాష’ దగ్గర ఏమని ఉంది?

బెంగళూరులో ఇంటర్నేషనల్ బడుల్లో పిల్లల్ని చదివిస్తున్న మన సభ్యులందరికీ ఈపాటికి ఆ పెద్ద సర్క్యులర్ వచ్చే ఉంటుంది. ఆఖరి రోజు ఒంటిపూట బడి, బస్సులు మధ్యాహ్నమే బయల్దేరతాయి. లాకర్లు ఖాళీ చెయ్యాలి. లైబ్రరీ పుస్తకాలు తిరిగివ్వకపోతే రిపోర్టు ఇవ్వరు. దొరికిన నీళ్ళ సీసాలూ స్వెటర్లూ ఫలానా గది బయట బల్ల మీద పెట్టారు. వచ్చే ఏడు రానివాళ్ళు ఫలానా తేదీలోపు రాసివ్వకపోతే డిపాజిట్ మీద ఆశ వదులుకోవాలి. ముగ్గురు సభ్యులు నాకు తమ తమ బడుల సర్క్యులర్లు పంపించారు. మూడూ ఒకే తల్లి బిడ్డల్లా ఉన్నాయి.

డిపాజిట్ పేరా అందరం రెండుసార్లు చదువుతాం. బస్సు పేరా ఒకసారి చదువుతాం. చివర్లో ‘మీ వివరాలు సరిచూసుకోండి’ అని ఒక ఫారం ఉంటుంది, దాని దగ్గర ఎవరూ ఆగరు. అందులో ఇంటి చిరునామా, అలర్జీలు, అవసరమైతే ఫోను చెయ్యాల్సినవాళ్ళ నంబరు, దాని కింద ‘ఇంట్లో మాట్లాడే భాష’ ఉంటాయి. పిల్లవాణ్ణి చేర్పించిన రోజున మీరు ఏది రాశారో అదే అక్కడ ముందే నింపి ఉంటుంది. ఒకసారి తెరిచి చూడండి. ఆ ముగ్గురిలో ఇద్దరి ఫారాల్లో ‘ఇంగ్లీష్’ అని ఉంది. మూడో ఆయనది ఖాళీ.

ఎందుకలా రాశారో నాకు తెలుసు, ఎవర్నీ తప్పుపట్టడం లేదు. చేర్పించేటప్పుడు ఎవరో చెప్పి ఉంటారు, ఇంట్లో వేరే భాష అని రాస్తే పిల్లవాడికి ఇంగ్లీషు పరీక్ష పెడతారు, కొంచెం తగ్గినా ఈఏఎల్ అనే అదనపు ఇంగ్లీషు తరగతిలో వేస్తారు, కొన్నిచోట్ల దానికి ఫీజు వేరే అని. ఇంటర్నేషనల్ బడుల్లో ఆ ఏర్పాటు ఉన్న మాట నిజమే. కొరియా నుంచో జపాన్ నుంచో వచ్చిన పిల్లలకి అది అవసరం కూడా. మన పిల్లలు మాటలు వచ్చిన నాటి నుంచీ ఇంగ్లీషు కార్టూన్లు చూసినవాళ్ళు. ఆ భయానికి కారణం ఒకటో తరగతిలోనే తీరిపోయింది. ఇప్పుడు ఏడో తరగతి పిల్ల సముద్రాల్లో ప్లాస్టిక్ గురించి నాలుగు పేజీల ఇంగ్లీషు వ్యాసం రాస్తోంది, ఫారంలో మాత్రం నాన్నగారి పాత భయం అలాగే కూర్చుని ఉంది. ఇంట్లో అవ్వ “అన్నం తింటివా” అంటుంది, పిల్ల “తిన్నా అవ్వా” అంటుంది. బడి కంప్యూటరు లెక్కలో ఆ ఇంటి భాష ఇంగ్లీషు.

దీంతో ఏమవుతుందంటే, ఏ బడి అయినా వచ్చే ఏడు ఏ భాషకి టీచర్ని పెట్టాలో ఈ వేసవిలోనే తేల్చుకుంటుంది. ఎంతమంది ఉన్నారో చూస్తారు, ఎంతమంది అడిగారో చూస్తారు. మన సభ్యుల్లో ఒకరు ధైర్యం చేసి, తెలుగు నేర్పే ఏర్పాటు ఏమైనా ఉందా అని బడిలో అడిగారు. “మా దగ్గర తెలుగు కుటుంబాలు దాదాపు లేవండి” అన్నది జవాబు. ఆమె కూతురి పుట్టినరోజుకి ఆ ఒక్క సెక్షన్ నుంచే అయిదుగురు తెలుగు పిల్లలు వచ్చారు. బడివాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాళ్ళ జాబితాలో నిజంగానే మనం లేము.

2011 జనగణనలో కర్ణాటకలో 35 లక్షల పైచిలుకు జనం మాతృభాష తెలుగు అని చెప్పారు. కన్నడ, ఉర్దూ తర్వాత మనదే. నోటుబుక్కు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన లెక్కలాయనకి ఉన్నది ఉన్నట్టు చెప్పగలిగాం. ఏడాదికి లక్షలు కట్టే బడికి చెప్పడానికి ఎందుకు సంకోచం?

ఇక్కడ చట్టం మనకి పెద్దగా సాయం చెయ్యదని కూడా తెలుసుకోవాలి. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి మాతృభాషలో బోధించే వసతి కల్పించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణ ఉంది, 1956లో చేర్చారు. అది ప్రభుత్వాలకి చెప్పిన మాట. కోలారు, బళ్ళారి వైపు, బెంగళూరులో కూడా తెలుగు మాధ్యమం బడులు నడిచింది ఆ దారిలోనే. ప్రైవేటు ఇంటర్నేషనల్ బడికి ఆ అధికరణ చూపిస్తే నవ్వి ఊరుకుంటారు. హైదరాబాదులో సంగతి వేరు, ఏ బోర్డు బడి అయినా తెలుగు నేర్పాలని తెలంగాణ 2018లో చట్టం చేసింది. ఇక్కడ మనకున్న దారి ఒక్కటే, అడగడం. అడగందే అమ్మైనా పెట్టదు అన్నారు కదా, లెక్కలో లేని పిల్లకి మరీ పెట్టదు.

ఇంకో మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే కింద కామెంట్లలో గొడవ మొదలవుతుంది. తెలుగు అడగడమంటే కన్నడ వద్దనడం కాదు. 2015లో కర్ణాటక కన్నడ భాషాభ్యసన చట్టం తెచ్చింది, దాని మీద కోర్టుల్లో వాదోపవాదాలు నడిచాయి. కోర్టుల సంగతి కోర్టులు చూసుకుంటాయి. నాలుగైదు తరాలుగా ఈ నేల నీళ్ళు తాగినవాళ్ళం, ఇక్కడి పిల్లలకి కన్నడ వద్దు అనే మాట మన సంఘం నోటి నుంచి రాకూడదు. తమిళనాడులో 2006 చట్టం తర్వాత హోసూరు తెలుగువాళ్ళు చేసిన పోరాటాన్ని కొందరు ఇక్కడ ఉదాహరణగా చూపిస్తుంటారు. వాళ్ళది తెలుగు మాధ్యమంలో చదివే పిల్లల కష్టం, పదో తరగతి పరీక్ష కష్టం. మన ఇంటర్నేషనల్ బడి పిల్లలకి ఆ పోలిక నప్పదు. ఇక్కడ తెలుగు పోటీ పడాల్సింది ఫ్రెంచితో, స్పానిష్‌తో. ఆ గడిలో మనం ఏం రాస్తున్నామన్నదే ప్రశ్న.

నిజానికి కన్నడ వచ్చిన పిల్లకి తెలుగు సగం వచ్చేసినట్టే. అక్షరాలు అక్కచెల్లెళ్ళు. తలకట్టు పెట్టే తీరు మారుతుంది, కొన్ని అక్షరాల దగ్గర తడబడతారు, అంతే. మాటల్లో కూడా పిల్లలకి ఆటలా చెప్పొచ్చు, అక్కడి ‘హ’ ఇక్కడ ‘ప’ అవుతుంది అని. హాలు పాలు, హులి పులి, హూవు పువ్వు, హత్తు పది. పోయిన వేసవి తరగతిలో ఒక పిల్లవాడు ఇది పట్టుకుని, హోటల్‌ని ‘పోటల్’ అని అరగంటసేపు అందర్నీ నవ్వించాడు. వాడికి కన్నడ అక్షరాలు ముందే వచ్చు. మూడు వారాల్లో తెలుగు బోర్డులు చదవడం మొదలుపెట్టాడు. ఏ అక్షరాలూ రాని పిల్లలకి అదే పని మూడు వేసవులు పట్టింది.

ఇక చదువుకి ఇదెలా పనికొస్తుంది అని అడిగేవాళ్ళకి. ఐబీ బడుల్లో ఆరో తరగతి నుంచి ఎంవైపీ. అందులో చదువు సాగే భాష ఒకటి, కొత్తగా నేర్చుకునే భాష ఒకటి తప్పనిసరి. ఆ రెండోది అయిదో తరగతి ముగిసే ఈ వేసవిలోనే ఎంచుకోవాలి, ఆ తర్వాత మార్చుకోవడం కష్టం. పదకొండు, పన్నెండు తరగతుల డిప్లొమాలో మన వాళ్ళెవరూ పట్టించుకోని ఒక ఏర్పాటు ఉంది. బడిలో టీచరు లేని మాతృభాషని కూడా స్టాండర్డ్ లెవెల్లో సాహిత్యం సబ్జెక్టుగా తీసుకోవచ్చు. దాన్ని ‘సెల్ఫ్ టాట్’ అంటారు. పేరుకి స్వయంగా చదవడమే కానీ బడి ఒక పర్యవేక్షకుణ్ణి పెడుతుంది, భాష తెలిసిన ట్యూటర్ని మనం చూసుకోవచ్చు. రెండేళ్ళలో తొమ్మిది రచనలు చదవాలి, వాటిలో కొన్ని వేరే భాషల నుంచి అనువాదమైనవి ఉండాలి. రెండు రాతపరీక్షలు, ఒక మౌఖికం. దీనితోపాటు ఇంగ్లీషు సాహిత్యమో, భాషా సాహిత్యమో తీసుకుని రెండింటిలోనూ కనీసం 3 గ్రేడు తెచ్చుకుని డిప్లొమా పాసైతే, చేతికి వచ్చేది బైలింగ్వల్ డిప్లొమా. ఫ్రెంచి నాలుగేళ్ళు నేర్చుకుని కాఫీ ఆర్డరు చెయ్యగలిగే స్థాయికి వచ్చిన పిల్లకి అది ఊరికే రాదు. తన భాషలో పుస్తకం చదవగలిగిన పిల్లకి వస్తుంది.

పుస్తకం చదవగలగాలి, మెలిక అక్కడే ఉంది. ఇంట్లో మాట్లాడే తెలుగుతో ఆ పరీక్ష రాయలేరు. ఒక కథ తీసుకుని రచయిత ఆ మాటే ఎందుకు వాడాడో తెలుగులో రాయగలగాలి. అందుకే పదో తరగతి అయ్యాక పరిగెత్తుకొచ్చి “సార్, మా అమ్మాయికి ఆరు నెలల్లో తెలుగు నేర్పించండి” అంటే నేను చేతులు జోడిస్తాను. ఏ భాష అడిగినా ముందస్తు ఏర్పాట్లుంటాయి, బడి ముందుగానే ఐబీతో మాట్లాడుకోవాలి. అయిదో తరగతిలో మొదలుపెడితే సమయం చాలినంత ఉంది. కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ పిల్లలకి ఈ దారి లేదు, అక్కడ తెలుగు పేపరే లేదు. సీబీఎస్ఈలో ఉంది, ఆంధ్రకి ఒక కోడు, తెలంగాణకి ఒక కోడు. ఒక భాషకి రెండు కోడ్లు అని నవ్వుకుంటాం కానీ, సున్నా కోడ్ల కంటే రెండు నయం.

ఇంటర్నేషనల్ డే గురించి ఒక ముక్క. ఏడాది చివర్లో జెండాలు, తిండి బల్లలు పెడతారు. కొరియా వాళ్ళ బల్ల, జర్మనీ వాళ్ళ బల్ల. ఇండియా బల్ల మీద సమోసాలు, పనీర్. మన పిల్ల పట్టు పరికిణీ వేసుకుని సమోసాలు వడ్డిస్తుంది. పులిహోర పెట్టమని కొట్లాడమనడం లేదు, అయినా పెడితే ముందు అయిపోయేది అదే. పరికిణీ గుర్తున్న బడికి భాష ఎందుకు గుర్తులేదంటే, పరికిణీ మనం పంపించాం కాబట్టి.

ఇప్పుడు మన సంఘం వైపు తిరుగుతాను, కార్యవర్గం మిత్రులు కోపగించుకోకూడదు. మన వేసవి తెలుగు తరగతి ఏప్రిల్ చివర్లో మొదలై మే నెలతో ముగుస్తుంది. రాష్ట్ర బోర్డు పిల్లల సెలవులు అప్పుడే కాబట్టి ఎప్పుడో అలా పెట్టుకున్నాం. ఇంటర్నేషనల్ బడులు ఎక్కువగా జూన్‌లో మూసి ఆగస్టులో తెరుస్తాయి. అంటే మన తరగతి నడిచినన్నాళ్ళూ ఆ పిల్లలు బడిలో ఉంటారు. వాళ్ళకి సెలవులు వచ్చేసరికి మనం బోర్డు తుడిచి చాపలు చుట్టేస్తాం. ఊరికి పోదామన్నా అంతే. ఆంధ్రలో, తెలంగాణలో బడులు మామూలుగా జూన్ 12కి తెరుస్తారు. అనంతపురం అవ్వగారింటికి జూన్ చివర్లో వెళ్ళిన పిల్లకి ఆడుకోవడానికి మేనమామ పిల్లలు ఉండరు, బడికి పోయి ఉంటారు. సాయంత్రం దాకా ఫోను పట్టుకుని కూర్చుంటుంది. ఒకప్పుడు ఊళ్ళో రెండు నెలల ఆటల్లోనే పిల్లలకి తెలుగు అబ్బేది, ఎవరూ నేర్పక్కర్లేకుండా. ఈ పిల్లలకి క్యాలెండరే ఆ ఊరిని దూరం చేసింది. ఆ లోటు కొంతైనా పూడ్చగలిగేది మన తరగతే, అది కూడా వాళ్ళకి కుదరని నెలలో పెడుతున్నాం.

జూన్ చివర్లో రెండో విడత పెడదామని రెండేళ్ళుగా అడుగుతున్నాను. హాలు ఖాళీ ఉండదు అంటున్నారు. పెళ్ళిళ్ళ హాలు అది, మే నెలలో ఒక్క రోజు దొరకడం గగనం, ఒప్పుకుంటాను. ఆషాఢంలో పెళ్ళిళ్ళెక్కడివి? అధికమాసం వచ్చిన ఏడు కొంచెం అటూఇటూ అయినా, మామూలుగా జూన్ ఆఖరు నుంచి జూలై ఆఖరు దాకా ఆ హాల్లో పావురాలు తప్ప ఎవరూ ఉండరు. కరెంటు బిల్లు కట్టేది అప్పుడూ మనమే. రిటైరైన తెలుగు మేష్టార్లు ఇద్దరు ఉదయం పూట రావడానికి సిద్ధంగా ఉన్నారు. పిల్లల్ని తీసుకొచ్చే వ్యానే అసలు సమస్య, సర్జాపూర్ రోడ్డు నుంచి ఇక్కడికి ట్రాఫిక్ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. దానికి వారంలో రెండు రోజులు హాల్లో, మూడు రోజులు ఆన్‌లైన్ అనుకుంటున్నాం. అది కార్యవర్గ సమావేశంలో తేలాలి.

ఈలోపు మీరు చెయ్యాల్సింది. సర్క్యులర్ చివరి ఫారం గడువు చూసుకోండి, చాలా బడుల్లో ఆఖరి వారంతో ముగుస్తుంది. ‘ఇంట్లో మాట్లాడే భాష’ దగ్గర తెలుగు అని రాయండి. రెండు భాషలు రాసే వీలుంటే తెలుగు, కన్నడ రాయండి, అదీ నిజమే కదా. అయిదో తరగతి, పదో తరగతి పిల్లలుంటే కోఆర్డినేటరుకి విడిగా ఒక మెయిలు పంపండి, అయిదో తరగతి వాళ్ళు తెలుగు తరగతి గురించి, పదో తరగతి వాళ్ళు సెల్ఫ్ టాట్ గురించి. ఒకే బడిలో ఉన్న నలుగురు తల్లిదండ్రులు ఒకే వారంలో పంపితే ఇంకా మంచిది. మెయిలు ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలియకపోతే నాకు మెసేజ్ పెట్టండి, రాసి పెడతాను.

ఆషాఢం తరగతికి పిల్లల్ని పంపాలనుకునేవాళ్ళు కింద మూడే సంగతులు రాయండి: పిల్ల వయసు, మీరుండే ప్రాంతం, కన్నడ అక్షరాలు వచ్చా రావా. పిల్లల పేర్లు, బడి పేర్లు ఇక్కడ రాయొద్దు. పాతికమంది తేలితే ఆ జాబితా పట్టుకుని నేనే కార్యవర్గం ముందు కూర్చుంటాను.