మాట్లాడని సాక్షి

రాబర్ట్ జే లిఫ్టన్ రచన ‘ద నాజీ డాక్టర్స్’ 1986లో వెలువడింది. ఆ గ్రంథాన్ని మూసిన పాఠకుడు సాధారణంగా ఒక నిట్టూర్పు విడిచి, ‘వాళ్ళు మనుషులు కారు, రాక్షసులు’ అంటాడు. ఆ మాటలో గొప్ప ఉపశమనం ఉంది. రాక్షసుల కథ ఎప్పుడూ ఎదుటివాడి కథే గదా! కాని లిఫ్టన్ చెప్పినది సరిగ్గా దీనికి విరుద్ధం. మామూలు వైద్యుడే తనలో రెండు ‘నేను’లను తయారు చేసుకోగలడని ఆయన సిద్ధాంతం. ఒకటి శిబిరంలో పని చేస్తుంది, రెండవది ఇంటికి వెళ్ళి పిల్లలను ఎత్తుకుంటుంది. దీనికాయన ‘డబ్లింగ్’ అని పేరు పెట్టాడు.

ఈ రెండు ‘నేను’ల ఏర్పాటు తెలుగు క్రైస్తవ విశ్వాసికి కొత్తది కాదు. ‘చర్చి సంగతి చర్చిలో, ఉద్యోగం సంగతి ఉద్యోగంలో’ అన్న మాట గుంటూరులోనూ వినిపిస్తుంది, గల్ఫ్‌లోనూ వినిపిస్తుంది. ఆ మాట లోకజ్ఞానంగా చెలామణి అవుతోంది. నిజానికి అది విశ్వాసాన్ని ఆదివారానికి కుదించే తీర్మానం.

ఆ తీర్మానం ఎక్కడికి దారితీస్తుందో చరిత్రలో నమోదై ఉంది. 1939 శరత్కాలం నుంచి జర్మనీ మానసిక చికిత్సాలయాలకు బెర్లిన్ నుంచి ఫారాలు అందాయి. రోగికి ఒక ఫారం. జబ్బు ఏమిటి, ఎన్నాళ్ళుగా ఉన్నాడు, పని చేయగలడా అన్నవి అందులో ప్రశ్నలు. రోగి ముఖమైనా చూడని నిపుణులు వాటి మీద ఎర్ర పెన్సిలుతో కూడిక గుర్తో, నీలి పెన్సిలుతో తీసివేత గుర్తో పెట్టారు. ఎర్ర గుర్తుకు అర్థం మరణం. 1941 ఆగస్టు నాటికి ఆరు కేంద్రాలలో 70 వేలమందికి పైగా విషవాయువుకు బలయ్యారు. మరణపత్రాలలో కల్పిత కారణాలు రాసినది వైద్యులే. ఎన్నడో అపెండిక్స్ తీసేసిన మనిషి అపెండిసైటిస్‌తో పోయాడని కుటుంబానికి ఉత్తరం అందిన ఉదంతాలున్నాయి. ఫారాలు నింపినవారిలో అత్యధికులు బాప్తిస్మం పొందినవారు. చర్చి నడిపిన ఆశ్రమాలలో కూడా కొన్ని వాటిని నింపి పంపాయి. వారిలో చాలామంది ఎవరినీ చంపలేదు. అడిగిన గడులు నింపారు, అంతే.

అదే కాలంలో బ్రాండెన్‌బర్గ్ పట్టణంలో లోథర్ క్రైసిగ్ అనే న్యాయమూర్తి ఉండేవాడు. నాజీ ప్రభుత్వానికి లొంగని ‘కన్ఫెసింగ్ చర్చి’ సభ్యుడు. తమను తాము చూసుకోలేని మానసిక రోగుల తరఫున సంరక్షకుల పనిని పర్యవేక్షించడం ఆయన ఉద్యోగం. కొన్ని వందలమంది ఆయన పరిధిలో ఉన్నారు. 1940లో వారి మరణవార్తలు ఒకదాని వెంట ఒకటి ఆయన బల్ల మీదికి రాసాగాయి. మరో గుమాస్తా అయితే ‘మృతి’ అని ముద్ర వేసి దస్త్రం మూసేవాడు. క్రైసిగ్ లెక్క చూశాడు. 1940 జూలై 8న న్యాయశాఖ మంత్రి గుర్ట్‌నర్‌కు ఉత్తరం రాశాడు. తన అనుమతి లేకుండా రోగులను తరలించరాదని ఆశ్రమాలను ఆదేశించాడు. ఆ కార్యక్రమానికి బాధ్యుడైన ఫిలిప్ బూలర్ మీద హత్యానేరం కింద ఫిర్యాదు చేశాడు. నవంబరులో మంత్రి ఆయనను పిలిపించి హిట్లర్ సంతకమున్న పత్రాన్ని చూపాడు. అది చట్టం కాజాలదని క్రైసిగ్ అన్నాడు. ఫ్యూరర్ ఇచ్ఛను చట్టానికి మూలంగా ఒప్పుకోలేనివాడు న్యాయమూర్తిగా ఉండలేడని మంత్రి తేల్చాడు. క్రైసిగ్ ఉద్యోగం పోయింది.

ఈ కథలో దేవుని పేరు చెప్పి దూరంగా తొలగిపోవడం ఎక్కడా లేదు. క్రైసిగ్ చేసినదల్లా తన ఉద్యోగాన్ని చివరిదాకా చేయడం. దానియేలు గ్రంథం ఆరవ అధ్యాయం కూడా ఇదే చూపుతుంది. శత్రువులు ముందు వెదికినది అతని ప్రార్థన గదిని కాదు, రాజ్యపు పనిలో అతని లెక్కలను. అక్కడ తప్పు దొరకలేదు కనుకనే ప్రార్థన మీద పడ్డారు. లెక్కలు చెడినవాడిని పట్టడానికి సింహాల గుహ అక్కరలేదు.

ఇక్కడ తెలుగు భాష చేసిన మేలును గుర్తించాలి. ‘మనస్సాక్షి’ అన్న మాటలో ఉన్నది సాక్షి. చూసినది చెప్పడమే సాక్షి పని. బోనెక్కని సాక్షి వట్టి ప్రేక్షకుడు. ‘నా మనస్సాక్షి నిర్మలం, దేవునికి తెలుసు’ అని మౌనంగా ఇంటికి వెళ్ళే విశ్వాసి తన సాక్షిని తానే దాచిపెడుతున్నాడు. ఫేలిక్సు అధిపతి ఎదుట పౌలు మనస్సాక్షి గురించి చెప్పినప్పుడు దేవుని పట్లనే గాక మనుష్యుల పట్ల కూడా అన్నాడు. అక్కడ వాడిన గ్రీకు క్రియకు సాధన చేయడమని అర్థం. సాధన అంటే రోజువారీ శ్రమ. మనసు ప్రశాంతంగా ఉండటం దానికి రుజువు కాదు. ఎర్ర పెన్సిలు పట్టినవారికీ రాత్రి నిద్ర పట్టి ఉండవచ్చు.

ప్రతివాదనలు లేకపోలేదు. అధికారులకు లోబడమని రోమా పత్రిక పదమూడవ అధ్యాయం చెబుతున్నది గదా అంటారు. ఆ హత్యలను అనుమతించే చట్టమేదీ జర్మనీ చేయలేదు. హత్య నేరమనే చట్టం అప్పటికీ అమలులోనే ఉంది. ఆ లెక్కన లోబడినవాడు క్రైసిగ్, ధిక్కరించినది మంత్రి. హత్యలు ఆయన ఉత్తరంతో ఆగలేదు గదా అంటారు. ఆగలేదు. అయితే సాక్షి బాధ్యత తీర్పు ఇవ్వడం కాదు.

మూడవ ప్రశ్న బరువైనది. వీసా యజమాని చేతిలో ఉన్న నర్సు, ఇంటి అప్పు నెత్తిన ఉన్న అకౌంటెంటు ఏం చేయాలి? వారిని రాజీనామా చేయమనే హక్కు జీతభయం లేనివారికి లేదు. కాని తెగింపుకు ముందు ఎన్నో మెట్లున్నాయి. ఇవ్వని మందును ఇచ్చినట్టు రాయకపోవడం, దిద్దమన్న తేదీని దిద్దకపోవడం, ఆ ఆదేశాన్ని కాగితం మీద అడగడం. నోటిమాటగా వచ్చిన అన్యాయం చాలాసార్లు కాగితం మీదికి రావడానికి జంకుతుంది. క్రైసిగ్ సైతం రాజీనామాతో మొదలుపెట్టలేదు, ఉత్తరంతో మొదలుపెట్టాడు. ఆయన తల పోలేదు. పింఛనుతో పంపించారు. పొలం దున్నుకున్నాడు, భార్యతో కలిసి ఇద్దరు యూదు స్త్రీలను ఇంట దాచాడు. అందరికీ అంత తేలికగా గడవదన్నది నిజమే. లోబెటాల్ ఆశ్రమ పాస్టర్ బ్రౌనె ఇదే విషయమై నివేదిక రాసినందుకు నిర్బంధం అనుభవించాడు. అయినా భయం ఊహించిన వెల, అసలు చెల్లించవలసిన వెల ఎప్పుడూ ఒకటే కావు.

అసలు నేరం ఒంటరిగా వణికే ఆ నర్సుది కాదు, ఆమెను ఒంటరిగా వదిలిన సంఘానిది. తెలుగు సంఘాలలో సాక్ష్యాలకు కొదవ లేదు. వీసా వచ్చిందని, ప్రమోషన్ వచ్చిందని, ఇల్లు కొన్నామని సాక్ష్యం చెబుతారు, సంఘమంతా స్తోత్రం పలుకుతుంది. తప్పుడు కాగితం మీద సంతకం పెట్టనందుకు ప్రమోషన్ పోయిందని ఎవరైనా లేచి చెబితే ఆ స్తోత్రం వినబడుతుందా? వాళ్ళ ఇంటి అద్దెకు కానుక పళ్ళెం తిరుగుతుందా? ఆ పని చేయని సంఘానికి హతసాక్షుల పేర్లు తలచుకునే అర్హత లేదు.

బ్రాండెన్‌బర్గ్‌లో ఆనాడు విషవాయువు గది ఉన్నది ఊరవతల అడవిలో కాదు, పట్టణంలోని పాత జైలులో. ఆ వీధుల మీదుగా జనం ఆదివారం ఆరాధనకు వెళ్ళివచ్చారు. వారి మధ్య ఒక ఉద్యోగి మాత్రం సోమవారం తన దస్త్రాలు తెరిచి, ఈ మనుషులు ఏమయ్యారని రాతపూర్వకంగా అడిగాడు.