ట్రైలరు - ఒక వాగ్దానం

ఒక చలనచిత్రం విడుదలకు ముందు దానిని పరిచయం చేసే రెండు మూడు నిమిషాల తునకను ట్రైలరు అంటున్నాము. ఈనాడది అరచేతిలోని ఫోనులోకే వచ్చి పడుతున్నది. చూసిన మరుక్షణమే మన విద్యార్థులు బాగున్నదనో, బాగులేదనో తీర్పు చెప్పివేస్తున్నారు. కాని మంచి ట్రైలరుకు లక్షణమేమిటని అడిగితే జవాబు అంత సులభంగా రాదు. దానిని గురించి మా అభిప్రాయాన్ని పాఠకులకు మనవి చేస్తున్నాము.

ఈ ఆంగ్లపదానికి వెనుక వచ్చేది అని అర్థం. తొలినాళ్ళలో అమెరికాలో ఈ ప్రకటనలను అసలు చిత్రం ముగిసిన తరువాత ప్రదర్శించేవారు. పిమ్మట అవి ముందుకు జరిగినా పేరు మాత్రం అట్లే నిలిచిపోయింది. పేరు పరాయిదైనా పని మనకు కొత్తది కాదు. సంస్కృత నాటకాలలో ప్రరోచన అనే అంగమొకటి ఉన్నది. రాబోయే కథను ప్రశంసించి ప్రేక్షకుల మనస్సును దానివైపు మళ్ళించడమే దాని ప్రయోజనం. కృష్ణకు ఆవలి గట్టున ఉన్న కూచిపూడివారి భామాకలాపంలో సత్యభామ తెర వెనుకనే నిలిచి, తన జడను తెర మీదుగా ఇవతలకు వేస్తుంది. ముఖం కనబడదు. ఆ ఒక్క జడలోనే ఆమె సౌందర్యమూ, అభిమానమూ, సభకు విసిరిన సవాలూ గోచరిస్తాయి. ఇంతకంటె పొదుపైన ట్రైలరును మేమెరుగము.

రేపల్లె, తెనాలి, బాపట్ల పరిసర గ్రామాలలో పూర్వం బండికి ఇరువైపులా వాల్‌పోస్టర్లు కట్టి, మైకులో చాటుతూ, కరపత్రాలు వెదజల్లుతూ పోయేవారు. హాలు వద్ద అమ్మే పాటల పుస్తకంలో కథను కొంతవరకు చెప్పి, మిగిలినది వెండితెరపై చూడవలసిందని ముగించేవారు. ఎక్కడ ఆపవలెనో ఆ పుస్తకం వ్రాసినవారికి తెలుసు.

ఆపడమంటే కథను దాచడమే కాదు. తెనాలివారైన చక్రపాణిగారు నాగిరెడ్డిగారితో కలిసి నిర్మించిన మాయాబజార్ 1957లో వచ్చింది. శశిరేఖా పరిణయం కథ జనానికి ముందే తెలుసు. తెలిసిన కథనే ఎట్లా చూపుతారో చూడాలని వారు వెళ్ళారు. కాబట్టి దాచవలసింది కథ కాదు, అనుభవం. 1960లో హిచ్‌కాక్ తన సైకో చిత్రానికి చేసిన ట్రైలరులో ఆరు నిమిషాలకు పైగా తానే ఆ ఇంటిని, హోటలును తిప్పి చూపించాడు. ఇక్కడ ఏదో ఘోరం జరిగిందని సూచించాడే కాని, ఆ ఘోరాన్ని చూపలేదు.

మన తెలుగులో 2015 జూలై 10న విడుదలైన బాహుబలి మొదటి భాగం ఒక ప్రశ్నతో ముగిసింది. కట్టప్ప ఆ వీరుని ఎందుకు చంపాడన్న ఆ ప్రశ్న దేశమంతటా నలిగింది. 2017 మార్చి 16న రెండవ భాగం ట్రైలరు వచ్చింది. అందులో యుద్ధాలున్నాయి, వైభవమున్నది, జవాబు మాత్రం లేదు. ఏప్రిల్ 28న హాలుకు వెళ్ళినవారికే అది దక్కింది.

ఇది ఒక లక్షణం. రెండవది సత్యం. 2016లో వచ్చిన ఫ్యాన్ అనే హిందీ చిత్రం ప్రచారంలో ఒక పాటను విరివిగా చూపారు. చిత్రంలో ఆ పాట లేదు. ఒక ఉపాధ్యాయురాలు వినియోగదారుల న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, పై కమిషన్లు ఆమెకు 10,000 రూపాయల పరిహారం ఇవ్వవలసిందన్నాయి. కాని 2024 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ట్రైలరులో చూపినదంతా చిత్రంలో ఉండి తీరాలన్న ఒప్పందమేదీ దానివలన ఏర్పడదని స్పష్టం చేసింది.

చట్టరీత్యా అది సబబే కావచ్చు. కళాకారుని చేతులను ప్రతి ప్రకటనతోనూ కట్టివేయరాదు. కాని చట్టం వాగ్దానం కాదన్నంత మాత్రాన ప్రేక్షకుని మనస్సు కూడా కాదనదు. గజల్‌లో మత్లా అనే తొలి ద్విపద రెండు పాదాలలోనూ ప్రాసను వినిపించి, ఇకమీద ఈ బాటనే నడుస్తానని శ్రోతకు మాట ఇస్తుంది. తరువాతి షేర్లు ఆ మాట తప్పితే ముషాయిరాలో వాహ్వాలు వినబడవు. కూలి డబ్బులో నుండి టిక్కెట్టు కొనే మనిషికి కోర్టుకు వెళ్ళే తీరిక ఉండదు. అతడు మరొకసారి నమ్మడు, అంతే. ఆ నష్టం ఒక చిత్రానిది కాదు, అన్ని చిత్రాలదీ.

కోట్లు వెచ్చించాము, ఉన్న మెరుపులన్నీ ముందే చూపకపోతే జనం రారని నిర్మాతలు వాదించవచ్చు. రప్పించడం వరకు అది నిజమే. కాని హాస్యమంతా ఫోనులోనే నవ్వి వచ్చినవానికి హాలులో మిగిలేది పునశ్చరణమే. వాడు బయటకు వచ్చి నలుగురికి చెప్పే మాట ఏ ట్రైలరుకన్నా బలమైనది.

ఈ విషయం సినిమాతోనే ఆగదని కళాశాల సంఘ సభ్యులకు సవినయంగా మనవి చేస్తున్నాము. ప్రవేశాల వేళ ఏ విద్యాసంస్థ పంచే కరపత్రమైనా ఒక ట్రైలరే. అందులోని ప్రయోగశాల, గ్రంథాలయం లోపల కూడా ఉండవలెను.

విద్యార్థులను కోరేది ఒక్కటే. చిత్రం చూసి వచ్చిన తరువాత దాని ట్రైలరును మరల ఒకసారి చూడండి. నన్ను రప్పించడానికి ఏమి చూపింది, ఏమి దాచింది, చూపినది నిజమేనా అని ప్రశ్నించుకొనండి. రేపు మీలో కొందరు కూర్పరులై కత్తెర పట్టవచ్చు. అప్పుడు ఈ మూడు ప్రశ్నలే మీకు దారి చూపగలవు.