స్వరం కొడుకుది, నంబరు తండ్రిది

ఇబ్రహీంపట్నంలో ఒక శనివారం సాయంత్రం గృహ ప్రార్థన కూటం జరుగుతోంది. ఏడున్నరకు ఇంకా పది నిమిషాలుంది. మోకాళ్ల మీద ఉన్న సంఘ పెద్ద గారి జేబులో ఫోన్ మోగింది. డాలస్ నుంచి కొడుకు. అక్కడ అప్పుడు ఉదయం తొమ్మిది కావస్తోంది. ‘డాడీ, నీ ఫోన్‌కు ఓటీపీ వచ్చింది చూడు. జల్ది చెప్పు, మ్యాచ్ షురూ అయితుంది’ అన్నాడు. పెద్దాయన గడప దాటి వెళ్లి, కళ్లద్దాలు సర్దుకుని, అంకెలు ఒక్కొక్కటే చదివి వినిపించి, తిరిగి వచ్చి మోకరించారు. చివర్లో ఆమేన్ అందరితో పాటే చెప్పారు.

ఇందులో తప్పేముందని చాలామంది అడుగుతారు. నిజం చెప్పాలంటే ఆ రోజు మాకూ ఏమీ తోచలేదు.

ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. అక్కడ చదివి, అప్పు చేసి, ఎంఎస్‌కని అమెరికా వెళ్లిన పిల్లలు మన సంఘాల్లో ఎందరో! వాళ్లకు ఇల్లు గుర్తొచ్చినప్పుడు క్రికెట్ కూడా గుర్తొస్తుంది. అది సహజమే. అయితే ఆట ఒకటే అయినా దాని ప్రసార హక్కులను దేశాల వారీగా అమ్ముతారు. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులు మొత్తం 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. అందులో మన దేశ హక్కులను, విదేశాల హక్కులను విడివిడిగా అమ్మారు. అమెరికాలో ఆ మ్యాచ్‌లు చూడాలంటే విల్లో చానల్‌కు డాలర్లలో చందా కట్టాలి. ఇక్కడి చందా చాలా తక్కువ. అందుకని కుర్రాళ్లు వీపీఎన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, కంప్యూటర్ హైదరాబాద్‌లోనే ఉన్నట్టు చూపించి, నాన్న నంబరుతో లోపలికి వెళ్తారు. వీపీఎన్ వాడడమే పాపమని మేము అనడం లేదు. ఆఫీసు పనులకు అది కావాలి.

‘వేల కోట్ల కంపెనీకి మా పది డాలర్లు ఒక లెక్కా?’ అని కుర్రాళ్ల వాదన. లెక్క కాకపోవచ్చు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటి మన పెద్ద చెరువును చూడండి. రాత్రిపూట వంతు కానివాడు తూము నుంచి కాస్త నీళ్లు మళ్లించుకుంటే చెరువు ఎండిపోదు. అయినా తెల్లవారి నీరటి వచ్చి అడిగితే వాడు తలెత్తి చూడలేడు. దొంగిలించిన నీళ్లలోని తీపి గురించి సామెతల గ్రంథం తొమ్మిదో అధ్యాయం చెబుతుంది, ఆ తర్వాతి వచనాన్ని కూడా చదవండి.

రాళ్లు వేయడానికి మేమేమీ పరిశుద్ధులం కాము. 2023 నవంబర్ 19, ఆదివారం. అహ్మదాబాద్‌లో భారత్, ఆస్ట్రేలియా ప్రపంచ కప్ ఫైనల్. యూత్ పిల్లలు ఎక్కడి నుంచో సంపాదించిన లింకు పెట్టుకుని చూసిన వారిలో మేమూ ఉన్నాం. (ఆ రోజు ప్రసంగం ఎందుకంత చిన్నదైందో ఎవరూ అడగలేదు.) నిజానికి దొంగ లింకు అవసరమే లేదు. జాతీయ ప్రాముఖ్యం గల క్రీడల ప్రసారాన్ని హక్కుదారులు ప్రసార భారతితో పంచుకోవాలని 2007లో పార్లమెంటు చట్టం చేసింది. అందువల్ల డీడీ ఫ్రీ డిష్ ఉన్న ఇంట్లో ఆ ఆట నెల చందా లేకుండానే వచ్చింది. మన సంఘంలో కూలికి వెళ్లే ఒక విధవరాలి ఇంట్లో పిల్లలు అలాగే చూశారు. జీతాలు వచ్చే మేము దొంగ లింకులో చూశాం. మనం ఓడిపోయాం, అది వేరే సంగతి.

అయితే పెద్దాయన విషయంలో మమ్మల్ని కలవరపెట్టింది డబ్బు కాదు. ఓటీపీ అంటే ఏమిటి? ‘అడుగుతున్నది నేనే, ఈ ఫోన్ నా చేతిలోనే ఉంది’ అని ఒక మనిషి ఇచ్చే మాట. తండ్రి ఆ ఆరంకెలు చదివినప్పుడు, తాను కాని వాడిని తానేనని సాక్ష్యం చెబుతున్నాడు. నిర్గమకాండము 20వ అధ్యాయంలోని అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞను కోర్టుకే పరిమితం చేసుకుని మనం నిశ్చింతగా ఉన్నాం.

ఆదికాండము 27వ అధ్యాయంలోనూ ఇలాంటి ఇల్లే ఉంది. చూపు మందగించిన ఇస్సాకు ముందుకు యాకోబు ఏశావు బట్టలు వేసుకుని, చేతులకు మేకపిల్లల తోలు కప్పుకుని వచ్చాడు. గొంతు ఒకరిది, చేతులు ఇంకొకరివి. ఆ తోలు కప్పింది ఎవరు? కన్నతల్లి రిబ్కా. కొడుకు భయపడితే, శాపమేదైనా వస్తే తన మీదికే రానిమ్మంది. ప్రేమతోనే చేసింది, సందేహం లేదు. ఆ తర్వాత ఏశావు కోపం చల్లారే దాకా కొద్ది రోజులని చెప్పి యాకోబును హారానుకు పంపింది. ఆ కొద్ది రోజులు ఇరవై ఏళ్లయ్యాయి. రిబ్కా తన కొడుకును మళ్లీ చూసినట్టు బైబిలులో ఎక్కడా లేదు.

ఈ మాటలు మేము పెద్దాయనతో చెప్పాం. చెప్పేటప్పుడు మా లింకు సంగతి కూడా చెప్పాం, లేకపోతే ఆయన మమ్మల్ని వినాల్సిన అవసరం లేదు. మరుసటి శనివారం సరిగ్గా అదే వేళకు ఫోన్ మోగింది. ఆయన బయటికి వెళ్లి, ‘నాయనా, అంకెలు చెప్పను. అక్కడి చందా కట్టుకో, ఈ నెల కష్టమైతే పైసలు నేను పంపుతా’ అన్నారు. అవతల ఫోన్ పెట్టేశాడు.

పన్నెండు రోజులు అబ్బాయి ఫోన్ చేయలేదు. ఆ తల్లి మా దగ్గరికి వచ్చి, ‘అయ్యగారూ, దేశం కాని దేశంలో ఒక్కడే ఉన్నాడు. ఆట కోసం ఇంత పట్టింపు ఉండాల్నా?’ అని అడిగింది. ఆమెకు చెప్పడానికి మా దగ్గర మంచి జవాబు లేదు. మళ్లీ రిబ్కా కథ చెప్పడానికి నోరు రాలేదు. ఆమెతో కలిసి ప్రార్థించి పంపాం.

పదమూడో రోజు రాత్రి అబ్బాయే ఫోన్ చేశాడట. మ్యాచ్ మాట ఎత్తలేదట, అమ్మ మోకాలి నొప్పి ఎట్లుందని అడిగాడట. చందా కట్టాడో లేదో పెద్దాయన అడగలేదు, ఆయన్ని మేమూ అడగలేదు. ఇప్పుడు కూటంలో అందరం ఫోన్లు సైలెంట్‌లో పెడతాం, ఆయన ఒక్కరికే మినహాయింపు ఇచ్చాం.