మొండివాళ్ళమని పొగడకండి

అల్ట్రామారథాన్ గురించి తెలుగులో ఎవరు మాట్లాడినా రెండు నిమిషాలు తిరక్కుండానే "అంతా మైండ్‌లోనే ఉంది బ్రో" అనే మాట వచ్చేస్తుంది. కాళ్ళు ఆగిపోయాక మనసు పరిగెత్తిస్తుందట. నొప్పి అనేది భ్రమట. సంకల్పం గట్టిదైతే ఎడారైనా దాటొచ్చట. అవతల వింటున్నది కర్నూలు, కడప వైపు మనిషైతే దీనికి ఇంకో మాట బోనస్: "మీకేంటి, సీమవాళ్ళు, మొండి ఘటాలు!" నా అభ్యంతరం ఈ రెండు మాటల మీదా. విడివిడిగా వినిపిస్తాయి గానీ రెండింటిదీ ఒకటే బుద్ధి.

ముందు పరుగు సంగతి. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. అంతకుమించి ఎంత దూరమైనా అల్ట్రానే. మొదటిసారి దిగేవాళ్ళు మామూలుగా 50 కిలోమీటర్లతో మొదలుపెడతారు, నేనూ అంతే. ఆరు నెలలుగా తయారవుతున్నాను. ఊరి నుంచి పని చేసుకునే వెసులుబాటున్న వారాల్లో నంద్యాల దగ్గర కె.సి. కాలువ గట్టు మీద, మిగతా వారాల్లో హైదరాబాదు సందుల్లో కుక్కల మధ్య. ఈ ఆరు నెలల్లో మనసు గురించి ఆలోచించింది చాలా తక్కువ. ఆలోచించిందల్లా కాలిగోళ్ళ గురించి, తొడలు ఒరుసుకోవడం గురించి, ఉప్పు గురించి, పొట్ట గురించి.

ఈ తర్ఫీదులో వీరత్వం లేదు. వారంలో ఎక్కువ రోజులు పక్కవాడితో మాట్లాడుతూ పోగలిగేంత నిదానంగా పరిగెత్తాలి. చూసేవాళ్ళకి అది పరుగని కూడా అనిపించదు. శనివారం మూడు గంటలు పరిగెత్తి, ఆ బడలిక తీరకముందే ఆదివారం మళ్ళీ రెండు గంటలు పోవాలి. అలసిన కాళ్ళతో పోవడం ఒళ్ళు అలా నేర్చుకుంటుంది. దూరాన్ని మెల్లగా పెంచుతూ, మూడు నాలుగు వారాలకోసారి తగ్గించాలి. గట్టు ఎక్కాల్సిన చోట నడవాలి. అల్ట్రాలో చాలామంది ఎత్తులు నడిచే ఎక్కుతారు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పరిగెత్తుతూ తినడం కూడా నేర్చుకోవాలి. నడుస్తున్న కడుపులో గంటకి ఒక అరటిపండో, బెల్లమూ వేరుసెనగల ఉండో ఇముడుతుందా లేదా అన్నది రేసు రోజున కనిపెట్టే విషయం కాదు. బూట్లు అర సైజు పెద్దవి కొనుక్కోవాలి, ఎందుకంటే నాలుగైదు గంటలయ్యేసరికి పాదాలు వాస్తాయి.

నీళ్ళ విషయమైతే మరీ తిరకాసు. దాహం వేసినా వెయ్యకపోయినా తాగుతూ ఉండమని చాలాకాలం చెప్పారు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరుగు పూర్తిచేసిన 488 మంది రక్తం పరీక్షిస్తే నూటికి 13 మందిలో సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువగా ఉంది. ఆ ఫలితాలు 2005లో అచ్చయ్యాయి. పరిగెత్తుతున్నంతసేపూ అతిగా తాగినవాళ్ళకే ఆ ముప్పు ఎక్కువ. అంటే నీళ్ళు లేకా ప్రాణం పోవచ్చు, నీళ్ళు ఎక్కువై కూడా పోవచ్చు. ఎన్ని నీళ్ళు, ఎంత ఉప్పు అన్నది లెక్క. ఆ లెక్క తప్పితే సంకల్పం ఏం చేస్తుంది? ఎండకి ఒళ్ళు అలవాటు పడటానికి కూడా ఒక లెక్కుంది, పది పద్నాలుగు రోజులు పడుతుంది. ఈలోపు ఎంత గట్టిగా అనుకున్నా చెమట గ్రంథులు మన మాట వినవు.

ఇంకో లెక్క ఎవరూ వెయ్యరు. ఆదివారం పొద్దున నేను నాలుగు గంటలు గట్టు మీదుంటే ఇంట్లో పిల్లని ఎవరు చూస్తున్నారు? వచ్చేసరికి వేడివేడిగా సంగటి ఎవరు కెలికి పెడుతున్నారు? నా విల్‌పవర్ అని మీరంటున్నదాంట్లో సగం మా అమ్మదీ, నా భార్యదీ. మెడల్ ఫోటోలో వాళ్ళుండరు.

గట్టు మీద బర్రెల్ని తోలుకొస్తూ ఒక పెద్దాయన అడిగాడు: "ఎవురన్నా తరుముతాండారా అబ్బీ?" లేదు పెద్దాయనా, యాభై కిలోమీటర్లు పోవాలి, దానికి ప్రాక్టీసు అన్నాను. "బస్సు ల్యాదా?" అన్నాడు. అల్ట్రామారథాన్ మీద నేను విన్న విమర్శల్లో ఇంతకన్నా సూటిది ఇంకోటి లేదు. ఆయన ఉద్దేశంలో నడక అంటే బస్సు లేకపోవడం. నా ఉద్దేశంలో నడక అంటే ఆదివారం. ఈ తేడాని చెరిపేసి, "మా అవ్వలు చెప్పుల్లేకుండా మైళ్ళు నడిచి నీళ్ళు మోశారు, మన రక్తంలోనే ఎండ్యూరెన్స్ ఉంది" అని పోస్టులు పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా అవ్వ నీళ్ళు మోసింది. ఆమె మోకాళ్ళు యాభై ఏళ్ళకే పోయాయి. ఆమెకి అవసరమైంది బోరింగు పంపు.

ఈ మొండితనం పొగడ్తకి చరిత్రుంది. ధాత కరువు అని పెద్దలు చెప్పుకునే 1876–78 కరువులో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాడు, కరువు ఖర్చు తగ్గించడానికి. నిజంగా ఆకలిగా ఉన్నవాడెవడో, ఊరికే వచ్చినవాడెవడో తేల్చడానికి అప్పట్లో పెట్టిన షరతుల్లో ఒకటి దూరపు పరీక్ష. ఇంటికి పది మైళ్ళ లోపు పని ఇవ్వకూడదు. అంతదూరం నడిచి రాగలిగితేనే, అక్కడే ఉండి మట్టి మోయగలిగితేనే వాడికి ఆకలున్నట్టు. కూలి ఒక మనిషికి రోజుకి ఒక పౌను ధాన్యానికీ, పైన కాస్త చిల్లరకీ సరిపడా. అంతకు ముందున్నది కూడా కోసి అంతకి తెచ్చారు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అనే డాక్టరు ఇది మనుషుల్ని చంపే కూలి అని గట్టిగా పోట్లాడాడు. కొన్ని నెలలకి పెంచారు కూడా, కానీ అప్పటికే జరగాల్సింది జరుగుతోంది. 1871 జనాభా లెక్కల్లో 9 లక్షలు దాటిన కర్నూలు జిల్లా 1881కి 7 లక్షల లోపుకి పడిపోయింది.

ఓర్చుకోగలగడాన్ని అర్హతగా పెట్టిన పరీక్ష అది. ఆ పరీక్ష ఇప్పుడు లేదు గానీ, అందులోని ఊహ మన మెచ్చుకోళ్ళలో బతికే ఉంది. ఓర్చుకోగలవాడికి ఇవ్వాల్సిందేమీ ఉండదు కదా. ఒక ప్రాంతాన్ని ఎన్నాళ్ళని మొండిది, గట్టిది, రాతినేల అని పొగిడితే అన్నాళ్ళు దాని నీళ్ళ లెక్క వాయిదా వెయ్యొచ్చు. నేను పరిగెత్తే కె.సి. కాలువనే తీసుకోండి. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది, పడవలకీ పంటలకీ అని. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర బయల్దేరి కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు. గ్రీసులో జరిగే స్పార్టథ్లాన్ దూరం 246 కిలోమీటర్లు, 36 గంటల్లో ముగించాలి. మా కాలువ దానికన్నా పొడుగు. ఇక ఆ కాలువలో నీళ్ళు కడప పొలాల దాకా చేరాయా లేదా అన్నది ఏటా ఉండే గొడవే. గట్టు మీద పరిగెత్తేవాడు కట్‌ఆఫ్ లోపు చేరలేకపోతే పేరు పక్కన 'డి.ఎన్.ఎఫ్.' అని రాస్తారు. నీళ్ళకి అలా రాసేవాడెవడూ లేడు.

సాహిత్యం చదివేవాళ్ళం కాబట్టి మన సంగతి కూడా మాట్లాడుకుందాం. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' 2019లో తానా నవలల పోటీలో బహుమతి గెలిచింది, 2021లో సినిమా అయింది. ఇంజినీరింగ్ చదివి, ఇంటర్వ్యూల్లో నోరు పెగలక, ఉద్యోగం రాని కుర్రాడు గొర్రెల వెంట నల్లమల అడవిలోకి పోతాడు, ధైర్యం తెచ్చుకుని తిరిగొస్తాడు. నా చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ స్నేహితులందరూ దాన్ని పర్సనాలిటీ డెవలప్‌మెంట్ పుస్తకంలాగే చదివారు. "పులినే ఎదుర్కొన్నాడు, మనం మేనేజర్ని ఎదుర్కోలేమా" అని ఒకడు నాకు మెసేజ్ పెట్టాడు. అలా చదవడానికి నవలలో చోటుంది, కాదనను. ఆ చోటు ఇచ్చినందుకు నాకు రచయిత మీద కొంచెం కినుక కూడా ఉంది. కానీ గొర్రెలు కొండకి పోయింది ఎవరి వ్యక్తిత్వం వికసించడానికీ కాదు, ఊళ్ళో మేతా నీళ్ళూ లేక. ఆ నవలలో నాకు నిలిచిపోయింది కాపరుల జ్ఞానం. ఏ చెలమలో నీళ్ళుంటాయి, మందని ఎక్కడ పడుకోబెట్టాలి, రాత్రి ఎవరు మేలుకోవాలి. అల్ట్రా పరిగెత్తేవాడికి పనికొచ్చే భాగం అదే. మనం దాన్ని దాటేసి పులి దగ్గరికి ఉరికాం.

మురకామి విషయంలోనూ ఇదే చేశాం. పరుగు మీద ఆయన పుస్తకం మన వయసువాళ్ళ అల్మరాల్లో సగం వాటిలో ఉంటుంది. 1996లో హొక్కైడోలో సరోమా సరస్సు దగ్గర 100 కిలోమీటర్లు పరిగెత్తాడు, పదకొండు గంటల పైనే పట్టింది. ఆ తర్వాత చాన్నాళ్ళు పరుగు మీద ఆసక్తే చచ్చిపోయిందని ఆయనే రాసుకున్నాడు. ఆ పేజీని ఎవరూ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టగా నేను చూడలేదు.

మన దగ్గర అల్ట్రా లేదని కాదు. ఏటా ఉగాదికి ముందు కర్ణాటక నుంచి వేలాదిమంది శ్రీశైలానికి నడిచి వస్తారు. కర్నూలు మీదుగా ఆత్మకూరు, వెంకటాపురం, అక్కడి నుంచి అడవిలో నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాస ద్వారం. భ్రమరాంబ వాళ్ళకి ఆడపడుచు. వాళ్ళలో కొందరు నడిచే మొత్తం దూరం ముందు నా 50 కిలోమీటర్లు ఏపాటివి? దీన్ని చూపించి "భక్తి ముందు తర్ఫీదెందుకు" అనేవాళ్ళుంటారు. కాస్త దగ్గరికెళ్ళి చూడండి. ఎండ ముదిరాక చెట్ల కింద పడుకుంటారు, చల్లబడ్డాక కదులుతారు. గుంపుగా నడుస్తారు, సామాను వెనక బండిలో వస్తుంది. దారి పొడుగునా ఊళ్ళవాళ్ళు మజ్జిగా అన్నమూ పెడతారు, కాళ్ళకి నూనె రాసేవాళ్ళుంటారు. భక్తి ఉంది సరే, దాని కింద ఎంత ఏర్పాటుంది! రేసుల్లో ఎయిడ్ స్టేషన్ అనే దాన్ని వాళ్ళు మనకన్నా బాగా ఎరుగుదురు. నడిచేది ఒకరైతే నడిపించేది పదిమంది. వాళ్ళలో ఒక్కరు కూడా "నన్ను నేను జయించాను" అనగా నేను వినలేదు. మల్లయ్య నడిపించాడంటారు.

అయితే మనసుకి ఏ పనీ లేదా? ఉంది. ముప్పై దాటాక ప్రతి చెట్టు కిందా కూచోవాలనిపిస్తుంది, అక్కడ మొండితనం కొంత పనికొస్తుంది. కానీ అదే మొండితనం గుండె దడదడలాడుతున్నప్పుడు, చెమట ఆగిపోయినప్పుడు ఆగనివ్వదు. 2021 మే నెలలో చైనాలోని గాన్సులో 100 కిలోమీటర్ల కొండ రేసులో ఉన్నట్టుండి చలిగాలి, వడగళ్ళు వచ్చి 21 మంది చనిపోయారు. వాళ్ళలో లియాంగ్ జింగ్ కూడా ఉన్నాడు, ఆ దేశపు మేటి అల్ట్రా రన్నర్లలో ఒకడు. అతనికి సంకల్పం తక్కువైందని ఎవరంటారు? తక్కువైంది వెచ్చటి బట్ట, దగ్గర్లో మనిషి.

ఇప్పుడివన్నీ రాయడానికి కారణం ఉంది. ఈ మధ్య ఒక రన్నింగ్ గ్రూపులో ఒకాయన ఉత్సాహంగా ప్రతిపాదన పెట్టాడు: రాయలసీమలో మే నెలలో ఒక అల్ట్రా పెడదాం, మిట్టమధ్యాహ్నం మొదలుపెడదాం, దేశంలోకెల్లా కఠినమైన రేసని పేరొస్తుంది, సీమ మొండితనం లోకానికి తెలుస్తుంది. ముప్పై మంది చప్పట్లు కొట్టారు. ఉపాధి హామీ పనికి పోయేవాళ్ళు కూడా ఆ నెలలో తెల్లారుజామునే దిగి ఎండెక్కేలోపు ఇంటికి పోతారు. నేను మూడు ప్రశ్నలు అడిగాను. ఎన్ని కిలోమీటర్లకి ఒక నీళ్ళ డ్రమ్ము పెడతారు? దారిలో ఊళ్ళకే ట్యాంకరు వచ్చే నెలలో ఆ డ్రమ్ముల్లోకి నీళ్ళెక్కడివి? వడదెబ్బ తగిలినవాణ్ణి ఏ ఆస్పత్రికి, ఎంతసేపట్లో చేరుస్తారు?

ఆయన జవాబుగా కండలు తిరిగిన చేతి బొమ్మ పెట్టాడు.