రచ్చకెక్కితేనే బాధ్యత!

● వివాదం వచ్చాకే మారుతున్న బహుళజాతి కంపెనీల విధానాలు
● తేర్వాయి కండ్రిగ నుంచి శ్రీపెరంబుదూరు దాకా అదే తంతు
● సేవా సొమ్ము వేరు.. చట్టపరమైన బాధ్యత వేరు

ఆరణి: బడి గోడలకు కొత్త రంగు. వీధి చివర శుద్ధజల కేంద్రం. పక్కనే కంపెనీ పేరుతో పెద్ద బోర్డు. పరిశ్రమలున్న పల్లెల్లో ఇవి మామూలే. దీన్నే కార్పొరేట్ సామాజిక బాధ్యత అంటున్నారు. పొట్టిగా సీఎస్‌ఆర్. ఇటు గుమ్మిడిపూండి, తేర్వాయి కండ్రిగ సిప్‌కాట్‌లు, అటు సత్యవేడు పక్కన శ్రీసిటీ ఉండటంతో ఆరణి చుట్టుపక్కల తెలుగువారికి ఈ మాట కొత్తేమీ కాదు. మరి ఈ బాధ్యత కంపెనీలకు ఎప్పుడు గుర్తుకొస్తోంది? గత ఇరవై ఏళ్ల వ్యవహారాలను వరుసగా పెట్టి చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతోంది. ఇక్కడ ఎంత మొత్తుకున్నా కదలని కంపెనీ, ఆ గోల తన సొంత దేశానికో, తన సరకు కొనేవాళ్ల చెవికో చేరితే మాత్రం ఉలిక్కిపడుతోంది. విధానం అప్పుడే మారుతోంది.

మేత బీడు పోయె.. టైర్ల ఫ్యాక్టరీ వచ్చె

అందుకు దగ్గరి ఉదాహరణ తేర్వాయి కండ్రిగే. గుమ్మిడిపూండి తాలూకాలోని ఈ ఊరి పక్కన సిప్‌కాట్ 1,127 ఎకరాల్లో పారిశ్రామికవాడ వేసింది. అది పట్టా భూమి కాదు. పశువుల మేత పోరంబోకు. దళితులు ఎక్కువగా ఉండే ఆ ఊరికి పశువుల మేత, వంటచెరకు అక్కడి నుంచే వచ్చేవి. వాన నీరు ఆ బీడు మీదుగానే చెరువులకు చేరేది. కాగితాల మీద మాత్రం సర్కారు భూమి. పట్టా లేనివారికి పరిహారం అడిగే దారి లేకపోయింది. నిరసనలు, అరెస్టులు, కోర్టు మెట్లు.. అన్నీ అయ్యాయి. ఫలితం లేదు.

2009లో ఫ్రాన్స్‌కు చెందిన టైర్ల కంపెనీ మిషెలిన్ తమిళనాడు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి రూ.4 వేల కోట్లు. ఆ పారిశ్రామికవాడలో 290 ఎకరాలు తీసుకుంది. ఊరి గోడు చెన్నైలో ఎవరికీ పట్టకపోయేసరికి వ్యవహారం ఏకంగా ప్యారిస్‌కు చేరింది. 2012 జులైలో గ్రామ సంఘం, తమిళనాడు భూ హక్కుల సమాఖ్య, ఫ్రాన్స్‌లోని సీజీటీ కార్మిక సంఘం, షెర్పా, సీసీఎఫ్‌డీ అనే స్వచ్ఛంద సంస్థలు కలిసి ఫిర్యాదు చేశాయి. ఎవరికంటే, ఓఈసీడీ కూటమి నిబంధనల అమలును చూసే ఫ్రాన్స్ జాతీయ కేంద్రానికి. తమ దేశ కంపెనీలు బయటి దేశాల్లో ఎలా మసలుకోవాలో చెప్పే నిబంధనలవి. ఆ కేంద్రం కోర్టు కాదు. జరిమానా వేయలేదు, జైలుకు పంపలేదు. ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. తన అభిప్రాయాన్ని నలుగురికీ తెలిసేలా ప్రకటిస్తుంది. అంతే.

2013 సెప్టెంబరులో తేర్వాయి వ్యవహారంపై నివేదిక వచ్చింది. సరిగ్గా ఆ సమయంలోనే, ఈ తీరు తమకు న్యాయంగా లేదంటూ ఫిర్యాదుదారులు తప్పుకున్నారు. కంపెనీయే తప్పు చేసిందని నివేదిక తేల్చలేదు. అలాగని వదిలేయనూ లేదు. ఫ్యాక్టరీ వల్ల పర్యావరణం మీద, జనం బతుకు మీద, వారి హక్కుల మీద పడే ప్రభావాన్ని అధ్యయనం చేయించాలని సిఫార్సు చేసింది. దాని అమలుపై ఆ తర్వాత కూడా ఓ కన్నేసి ఉంచింది.

గమనించాల్సింది ఇక్కడే. భూమి ఇచ్చింది రాష్ట్ర ప్రభుత్వం, కంపెనీకి ఏం సంబంధం అన్న వాదన అప్పటిదాకా నడిచింది. ఫిర్యాదు తర్వాత ఆ వాదన ఒక్కటే సరిపోలేదు. నువ్వు కాలు పెట్టే చోట ముందు ఏం జరిగిందో చూసుకోవాల్సిన పని నీదే అన్న మాట కంపెనీల పుస్తకాల్లోకి ఎక్కింది. 2013 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా కార్మికులు చనిపోయాక ఈ ఆలోచన మరింత బలపడింది. 2017 మార్చిలో ఫ్రాన్స్ ఏకంగా చట్టమే చేసింది. పెద్ద కంపెనీలు విదేశాల్లోని తమ యూనిట్లు, సరఫరాదారుల దగ్గర మనుషులకు, పర్యావరణానికి ముప్పు రాకుండా ఏటా జాగ్రత్త ప్రణాళిక ప్రకటించాలి. మిషెలిన్‌కు కూడా ఇది వర్తిస్తుంది.

మరి తేర్వాయికి ఏం ఒరిగింది? మేత బీడు తిరిగి రాలేదు. మారింది విధానం, పోయింది భూమి. ముందు నష్టపోయిన ఊరు పాఠమైంది. ఆ పాఠం తర్వాతి ఊళ్లకు పనికొస్తుంది.

హాస్టల్ అన్నం.. ఐఫోన్‌కు సెగ

రెండో ఉదాహరణ మన జిల్లా ఆస్పత్రులకు తెలిసిందే. సుంగువార్‌సత్రంలో ఐఫోన్లు బిగించే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో అప్పట్లో సుమారు 17 వేల మంది పనిచేసేవారు. ఎక్కువ మంది ఆడపిల్లలే. కాంట్రాక్టర్లు నడిపే హాస్టళ్లలో వారి మకాం. 2021 డిసెంబరులో ఒక హాస్టల్లో తిండి వికటించి 159 మంది ఆస్పత్రి పాలయ్యారు. మరో వంద మందికి చికిత్స అవసరమైందని తిరువళ్లూరు జిల్లా యంత్రాంగమే చెప్పింది. తోటివారు ఏమయ్యారో తెలియక పుకార్లు ముదిరాయి. వేల మంది అమ్మాయిలు చెన్నై-బెంగళూరు రహదారి మీద బైఠాయించారు. పోలీసులు 67 మందిని అదుపులోకి తీసుకున్నారు.

హాస్టళ్ల పరిస్థితి అప్పుడే లోకానికి తెలిసింది. గదికి ఆరుగురి నుంచి ముప్పై మంది దాకా. నేల మీద పడక. కొన్నిచోట్ల మరుగుదొడ్లలో నీళ్లు లేవు. అంతకుముందు అమ్మాయిలు ఎంత చెప్పుకొన్నా ఎవరూ వినలేదు. వార్త అమెరికా చేరగానే కథ మారింది. డిసెంబరు 29న యాపిల్ నోరు విప్పింది. కొన్ని హాస్టళ్లు, భోజనశాలలు తమ ప్రమాణాలకు తగ్గట్టు లేవని ఒప్పుకుంది. ఫ్యాక్టరీని పరిశీలనలో పెట్టింది. ఫాక్స్‌కాన్ స్థానిక యాజమాన్యాన్ని మారుస్తామంది. మూతపడ్డ రోజులకూ జీతం ఇస్తామని ప్రకటించింది. 2022 జనవరి 12న ఫ్యాక్టరీ తిరిగి తెరుచుకుంది.

ఆ తర్వాత 2024 ఆగస్టులో వల్లం వడగాల్‌లో 18,720 పడకల భారీ వసతి సముదాయాన్ని ముఖ్యమంత్రి హోదాలో స్టాలిన్ ప్రారంభించారు. ఫాక్స్‌కాన్ ఛైర్మన్ కూడా హాజరయ్యారు. ఖర్చు రూ.706 కోట్ల పైమాటే. కట్టించింది మాత్రం సిప్‌కాట్. అంటే గొడవ ఫలితంగా ఆడపిల్లలకు మంచి వసతి దొరికింది. దాన్ని కట్టించే పని ప్రభుత్వ సంస్థ భుజానికెత్తుకుంది. లాభం కంపెనీకి, బాధ్యత సర్కారుకా అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తుతోంది. పెట్టుబడి పక్క రాష్ట్రానికి ఎగిరిపోతుందేమోనన్న భయం ప్రభుత్వాలది. ఆ భయమే కంపెనీలకు బలం.

అక్కడితో ఆగలేదు. పెళ్లయిన మహిళలకు ఐఫోన్ బిగింపు పనిలో చోటివ్వడం లేదని 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తా సంస్థ బయటపెట్టింది. మర్నాడే కేంద్ర కార్మిక శాఖ రాష్ట్రం నుంచి నివేదిక కోరింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులిచ్చింది. ఆ ఏడాది నవంబరుకల్లా, ఉద్యోగ ప్రకటనల్లో వయసు, లింగం, పెళ్లి ఊసు ఉండకూడదని ఫాక్స్‌కాన్ తన ఏజెంట్లకు చెప్పినట్టు వార్తలొచ్చాయి. ప్రకటనలో మాట తీసేయడం తేలిక. తాళిబొట్టుతో వచ్చిన అమ్మాయికి నిజంగా పని దొరుకుతోందా అన్నదే అసలు పరీక్ష.

విశాఖ నేర్పింది

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది ప్రాణాలు తీసింది. వందల మంది ఆస్పత్రుల్లో చేరారు. మరునాడే జాతీయ హరిత ట్రైబ్యునల్ రూ.50 కోట్లు డిపాజిట్ చేయాలని ఆదేశించింది. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ఇచ్చింది రాష్ట్ర ప్రభుత్వం. కొరియాలోని మాతృసంస్థ ఎల్‌జీ కెమ్ రూ.120 కోట్ల సాయం ప్రకటించడానికి 2024 జులై దాకా పట్టింది. నాలుగేళ్లు!

2025 మే 8న అదే గ్రూపులోని ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ శ్రీసిటీలో సుమారు రూ.5 వేల కోట్ల ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. కంపెనీ వేరు, సరకు వేరు. పేరు మాత్రం అదే. పాత గాయం మానకుండా కొత్త చోట పేరు నిలబెట్టుకోవడం ఏ కంపెనీకైనా కష్టమే. చుట్టుపక్కల ఊళ్లు అడగాల్సినవి అడగడానికి ఇదే అదను.

నీళ్ల విషయంలోనూ ఇంతే. కేరళలోని ప్లాచిమడలో బావులు ఎండిపోతున్నాయని గిరిజనులు పోరాడితే 2004లో కోకాకోలా ప్లాంటు మూతపడింది. పానీయాల్లో వాడినంత నీటిని ప్రకృతికి తిరిగిస్తామని అదే కంపెనీ 2007లో ప్రపంచానికి మాటిచ్చింది. కొడైకెనాల్‌లో హిందుస్థాన్ లీవర్ థర్మామీటర్ల ఫ్యాక్టరీ పాదరసం గొడవతో 2001లో మూతపడింది. 591 మంది మాజీ కార్మికులతో ఒప్పందం కుదిరింది 2016లో. అంతకు ముందు ఏడాది చెన్నై గాయని ఒకరు పాడిన ర్యాప్ పాట ఇంటర్నెట్‌లో మార్మోగడం కంపెనీకి తలనొప్పిగా మారింది. పదిహేనేళ్ల ఆలస్యం ఒక పాటతో కదిలిందంటే కంపెనీలకు దేని భయమో అర్థమవుతుంది.

రెండు శాతం.. అసలు కిటుకు

2014 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో సీఎస్‌ఆర్ చట్టబద్ధమైంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం రూ.500 కోట్ల నికర విలువ, రూ.వెయ్యి కోట్ల టర్నోవర్, రూ.5 కోట్ల నికర లాభం.. వీటిలో ఏ ఒక్కటి దాటినా, గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం ఖర్చు చేయాలి. తాము పనిచేసే చోటుకు, చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలనీ అందులోనే ఉంది. విదేశీ కంపెనీల భారత యూనిట్లకూ ఇది తప్పదు. 2021 నుంచి నిబంధనలు ఇంకా బిగించారు. మిగిలిపోయిన సొమ్మును దాచుకోవడం కుదరదు. నిర్ణీత నిధికో, కొనసాగుతున్న పనుల ఖాతాకో వేయాలి.

చాలామందికి తెలియనిది మరొకటుంది. సొంత ఉద్యోగుల మేలుకు పెట్టే ఖర్చు సీఎస్‌ఆర్ కిందికి రాదు. ఇతర చట్టాల ప్రకారం ఎలాగూ చేయాల్సిన పనులూ రావు. అంటే హాస్టల్లో మంచి తిండి, ఫ్యాక్టరీ వ్యర్థాల శుద్ధి, గ్యాస్ లీకైతే హెచ్చరించే సైరన్.. ఇవేవీ దయాదాక్షిణ్యాలు కావు. వ్యాపారం చేసినందుకు నెత్తిన వేసుకోవాల్సిన బరువు. బడికి రంగులేశాం కదా అని దాన్ని దించుకోవడానికి వీల్లేదు.

కంపెనీలు, నాయకులు, ఒక్కోసారి పత్రికలు కూడా ఈ రెంటినీ కలగాపులగం చేయడం వల్లే పల్లె మోసపోతోంది. వివాదం రేగినప్పుడు కంపెనీ ముందుగా చేసేది ఏదో ఒక సేవా కార్యక్రమం ప్రకటించడం. ఫొటో పడుతుంది. గొడవ చల్లారుతుంది. అసలు ఫిర్యాదు ఎక్కడిదక్కడే ఉండిపోతుంది.

కంపెనీల వైపు మాటా ఉంది. రచ్చ జరిగితే ఆర్డర్లు పోతాయి, ఆర్డర్లు పోతే ముందు రోడ్డున పడేది కార్మికులే అంటారు. అందులో నిజం లేకపోలేదు. ఫాక్స్‌కాన్ మూతపడ్డ మూడు వారాలు కాంట్రాక్టు కార్మికుల ఇళ్లలో ఎంత గుబులు రేపి ఉంటాయో ఊహించుకోవచ్చు. అందుకే గొడవ దాకా రాకుండా చూసుకునే ఏర్పాటు ఉండాలి. ఫిర్యాదు వినే చెవి ఫ్యాక్టరీలోనే ఉంటే జాతీయ రహదారి మీదకు ఎవరు వస్తారు? 2024లో శ్రీపెరంబుదూరు శాంసంగ్ కార్మికులు 37 రోజులు సమ్మె చేసింది సంఘం పెట్టుకుంటాం, మాతో మాట్లాడండి అనే కదా!

ఊళ్లు ఏం చేయొచ్చు?

పెద్ద కంపెనీ ఏదైనా తన సీఎస్‌ఆర్ విధానాన్ని, బోర్డు ఆమోదించిన పనులను వెబ్‌సైట్లో పెట్టి తీరాలి. ఎంత ఖర్చయింది, ఎక్కడైంది అన్నది వార్షిక నివేదికలో ఉండాలి. ఊళ్లోని డిగ్రీ పిల్లలు ఎవరైనా దీన్ని తీసి గ్రామసభలో చదివి వినిపించవచ్చు. మన ఊరికి ఏది అవసరమో కంపెనీ చెప్పేలోగా, ఊరే తీర్మానం చేసి పంపడం మేలు.

ఫ్రాన్స్, కొరియా, జపాన్, అమెరికా కంపెనీలైతే తేర్వాయి నడిచిన దారి ఇంకా తెరిచే ఉంది. భారత్ ఓఈసీడీలో లేకపోయినా, ఆ దేశాల కంపెనీ ఇక్కడ చేసిన పనిపై అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. లాయరు ఫీజు లక్షలు అక్కర్లేదు. కావాల్సింది తేదీలతో, ఫొటోలతో కూడిన ఆధారాలు. తేర్వాయివారికి కోరుకున్నది దక్కలేదు. కానీ ఓ చిన్న ఊరి గోడు ప్యారిస్‌లో కాగితానికి ఎక్కగలదని నిరూపించారు.

సరిహద్దు పల్లెలకు ఇంకో చిక్కు ఉంది. ఊరు తమిళనాడులో, పని ఆంధ్రలో. లేదా అటువారికి పని ఇటు. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఒక రాష్ట్రం, హాస్టల్ ఇంకో రాష్ట్రం అయితే ఎవరిని అడగాలో తెలియక కార్మికులు నలుగుతారు. ఇరు రాష్ట్రాల కార్మిక శాఖలు కలిసి తెలుగు, తమిళం రెండింటిలోనూ ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు చేస్తే సగం సమస్య తీరుతుంది. కంపెనీ బస్సు రాష్ట్ర హద్దు దాటి వచ్చి మరీ మన పిల్లల్ని పనికి తీసుకెళ్తున్నప్పుడు, వాళ్ల భద్రత చూసే బాధ్యత హద్దు దగ్గర ఆగిపోకూడదు.