నింద వేరు, సాక్ష్యం వేరు

'నేను కాదు, ఇంకొకడు చేశాడు' అని ముద్దాయి అంటే మనకి ఒళ్లు మండుతుంది. స్త్రీల మీద జరిగే నేరాల్లో ఇది తప్పించుకునే ఎత్తుగడే అని ముందే తీర్మానించేసుకుంటాం. నేనూ అంతే. ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో హత్యకు గురైన ఫార్మసీ విద్యార్థిని కేసులో 2010లో ఒక యువకుడికి శిక్ష పడింది. అప్పుడు నేనూ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. హమ్మయ్య అనుకున్నాను. ఆ అమ్మాయి తల్లి మాత్రం 'ఇతను కాదు, అసలు దోషులు వేరే ఉన్నారు' అంటూనే ఉంది. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి మాట కన్నా పోలీసుల మాట నాకెందుకు నమ్మబుద్ధయింది? 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. ఆ మర్నాడు నేను సిగ్గుపడ్డాను.

'ఇంకొకడు' అనే మాటకి కోర్టులో హద్దులుండాలా? ఉండాలి. కానీ ఎక్కడ?

అమెరికాలోని సౌత్ కరోలినాలో 86 ఏళ్ల వృద్ధురాలిపై అత్యాచారం, దోపిడీ జరిగాయి. ఆ దెబ్బలకి ఆమె తర్వాత చనిపోయింది. ముద్దాయి హోమ్స్ తరఫున, ఆ ఉదయం మరో వ్యక్తి అదే పరిసరాల్లో ఉన్నాడనీ, తనే చేశానని ఇతరులతో అన్నాడనీ చెప్పడానికి సాక్షులొచ్చారు. ప్రాసిక్యూషన్ దగ్గర ఫోరెన్సిక్ సాక్ష్యం బలంగా ఉంది కాబట్టి వీళ్లని వినక్కర్లేదంది కింది కోర్టు. 2006లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పుని కొట్టేసింది. ఒక పక్షం సాక్ష్యాన్నే చూసి, రెండో పక్షం సాక్ష్యం ఎంత బలమైందో తేల్చెయ్యలేం కదా! హోమ్స్ నిర్దోషి అని కోర్టు అనలేదు. అతని మాట విని తేల్చమంది, అంతే. నేరంతో సంబంధం లేని వట్టి ఊహల్ని మాత్రం జడ్జి ఆపొచ్చని కూడా చెప్పింది.

ఆ రెండో ముక్క మనకి ముఖ్యం. ఎందుకంటే మన కోర్టుల్లో 'ఇంకొకడు' తరచుగా ఒక మనిషి కాదు. 'ఆమెకి చాలామందితో స్నేహాలున్నాయి, ఎవరైనా చేసుండొచ్చు' అనే గుసగుస. అందులో పేరు లేదు, చోటు లేదు, సమయం లేదు, సాక్షి లేడు. ఉన్నదల్లా ఆమె నడవడి మీద బురద. అత్యాచార కేసుల్లో బాధితురాలి 'నడత'ని అడ్డం పెట్టుకుని ఆమె సాక్ష్యాన్ని తోసిపుచ్చడానికి సాక్ష్యాధార చట్టమే వీలిచ్చేది. 1872 నుంచీ ఉన్న ఆ క్లాజుని 2002 సవరణలో గాని తీసెయ్యలేదు.

కాబట్టి గీత గియ్యాల్సింది ఇక్కడ. ఫలానా మనిషి, ఫలానా సమయంలో అక్కడున్నాడని చెప్పే సాక్షి ఉంటే వినండి. అతను ఎంత పెద్ద ఇంటివాడైనా వినండి. చచ్చిపోయిన ఆడపిల్ల స్నేహాల జాబితా తప్ప చేతిలో ఏమీ లేకపోతే ఆ నోరు మూయించండి.

'ముద్దాయికి ఇన్ని అవకాశాలా?' అని మనలో కొందరడుగుతారు. దొరికినవాడికి శిక్ష పడితే మనకి న్యాయం జరిగినట్టేనా? తప్పు మనిషి జైల్లో ఉన్నన్నాళ్లూ అసలు మనిషి బయట తిరుగుతూనే ఉంటాడు. అతని పక్క వీధిలో మరో హాస్టల్ ఉంటుంది. ఇబ్రహీంపట్నం కేసులో తల్లి మొదటినుంచీ అడిగింది ఇదే. మనం వినలేదు.